కాఫీతో ప్రకృతి దృశ్యం: అరకు ఉదయాన్ని ఒకే రంగులో చిత్రించే పద్ధతి

నవంబరు నెలలో ఉదయం ఏడు గంటలకు అరకు లోయలో నిలబడి చూస్తే కొండలకు రంగు ఉండదు. దగ్గర ఉన్న సిల్వర్ ఓక్ చెట్లు నల్లగానూ, వాటి వెనక వరుస కాస్త వెలిసినట్టుగానూ, ఆ వెనక కొండ ఉందో లేదో తెలియనంత పలుచగానూ కనబడతాయి. ఎండ ఎక్కి మంచు విడిపోయేదాకా లోయ మొత్తం ఒకే రంగు తాలూకు ముదురు, లేత ఛాయల్లోనే ఉంటుంది. కాఫీతో ప్రకృతి దృశ్యాలు వేయడం నేర్చుకోవాలనుకునేవారికి ఇంతకంటే అనువైన వస్తువు మరొకటి లేదని నా నమ్మకం. కాఫీ ఇచ్చేది ఒకటే రంగు, ఆ వేళ ప్రకృతి అడిగేదీ ఒకటే రంగు. సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఆ చెట్ల నీడలో పెరిగే పంట కూడా కాఫీయే, 2019లో భౌగోళిక గుర్తింపు పొందిన అరకు అరబికా.

ఈ వ్యాసంలో ఆ ఒక్క దృశ్యాన్నే ఆధారంగా తీసుకుని, ఏ4 పరిమాణపు కాగితం మీద దాన్ని మొదటినుంచి చివరిదాకా వేసే పద్ధతిని వివరిస్తాను. తొందరపడకుండా వేస్తే రెండు మధ్యాహ్నాల పని. దీన్ని ఒకసారి పూర్తి చేసినవారు గోదావరి లంకలనైనా, తాటితోపునైనా, చెరువుగట్టునైనా ఇదే క్రమంలో వేయగలరు.

కాఫీ నడవడిక

కుంచె పట్టే ముందు కాఫీ కాగితం మీద ఎలా ప్రవర్తిస్తుందో తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే అది నీటిరంగులా కనిపిస్తుంది గాని నీటిరంగులా నడుచుకోదు. దుకాణంలో కొనే నీటిరంగులో రంగుపొడితో పాటు గమ్ అరబిక్ అనే చెట్టుబంక కలిసి ఉంటుంది. ఆరిన తరువాత ఆ బంక రంగుపొడిని కాగితానికి పట్టి ఉంచుతుంది. కాఫీలో అలాంటి బంక కలిపి ఉండదు. అందువల్ల పూర్తిగా ఆరిపోయిందనుకున్న కాఫీ పూత కూడా మళ్ళీ తడి తగలగానే సులువుగా కరిగి కదులుతుంది. కొత్తగా వేసేవారిని ఎక్కువగా ఇబ్బంది పెట్టేది ఈ గుణమే. ఆరిన కొండ మీద ఇంకో పూత వేయబోయి, సరిగా రాలేదని అదే చోట కుంచెను రెండోసారి, మూడోసారి రుద్దితే కింది పూత లేచిపోయి, కొండ అంచు చెదిరి, అక్కడ ఒక మరక మాత్రం మిగులుతుంది. మెత్తని కుంచెతో, ఒకే విసురులో, ఒత్తిడి లేకుండా పూత వేసి చేయి తీసేయడం తప్ప దీనికి వేరే మార్గం లేదు.

అయితే ఇబ్బంది పెట్టే ఈ గుణమే మంచును చిత్రించేటప్పుడు మనకు అక్కరకు వస్తుంది. ఆరిన పూత మీద శుభ్రమైన తడి కుంచెను మెల్లగా నడిపి, వెంటనే టిష్యూ కాగితంతో అద్దితే అక్కడి కాఫీ చాలావరకు వచ్చేస్తుంది, చెట్ల మొదళ్ళ దగ్గర పొగలా మంచు కమ్ముకున్నట్టు కనిపిస్తుంది. కొంత మరక కాగితంలో ఇంకి ఉంటుంది కనుక పూర్తి తెల్లదనం తిరిగి రాదు. కాబట్టి స్వచ్ఛమైన తెలుపు ఎక్కడ కావాలో ముందే నిర్ణయించుకుని, ఆ చోటును మొదటినుంచీ ముట్టుకోకుండా వదిలేయాలి.

రెండో విషయం అంచులది. బల్ల మీద ఒలికిన కాఫీ బొట్టు ఆరిన తరువాత మధ్యలో లేతగా, చుట్టూ ముదురు గీత గీసినట్టుగా మిగలడం అందరూ చూసే ఉంటారు. అలా ఎందుకు జరుగుతుందో 1997లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన భౌతిక శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో వివరించారు. బొట్టు అంచు ఉపరితలాన్ని పట్టుకుని కదలకుండా ఉంటుంది, పలుచని అంచు దగ్గర నీరు త్వరగా ఆవిరవుతుంది, ఆ లోటును పూడ్చడానికి మధ్యలోని ద్రవం అంచువైపు ప్రవహిస్తూ తనలోని రేణువులను కూడా అక్కడికి మోసుకుపోతుంది. చిత్రకారుడికి దీని వల్ల కలిగే ప్రయోజనం చిన్నది కాదు. పొడి కాగితం మీద ఆకు ఆకారంలో నీళ్ళకాఫీని కాస్త నిండుగా నింపి, కదిలించకుండా ఆరనిస్తే, ఆకు చుట్టూ సన్నని ముదురు అంచు దానంతటదే ఏర్పడుతుంది. సన్నని కుంచెతో ఎంత జాగ్రత్తగా గీసినా అంత సహజమైన అంచు రాదు. అదే ఆకాశంలో ఏర్పడితే మాత్రం మచ్చలా కనబడి దృశ్యాన్ని పాడుచేస్తుంది. కాబట్టి ముందున్న మొక్కలకు పొడి కాగితం, వెనక ఉన్న ఆకాశానికీ మంచుకూ తడి కాగితం అని గుర్తుపెట్టుకుంటే అంచులు మన మాట వింటాయి.

మూడోది, చిక్కని కాఫీ జిగురు. బెల్లం పాకంలా చిక్కగా కలిపిన కాఫీని ఒకేసారి దట్టంగా పూస్తే ఆరిన తరువాత ఆ చోటు నల్లగా మెరుస్తుంది, గాలిలో తేమ ఎక్కువైనప్పుడు వేలికి అంటుకుంటుంది. అందుకే ఎంత ముదురు ఛాయనైనా మూడు నాలుగు పలుచని పూతలతోనే సాధించాలి. చిక్కటి కాఫీని చిట్టచివరి నాలుగైదు గీతలకు మాత్రమే దాచుకోవాలి.

కావలసినవి

కాగితం విషయంలో పొదుపు చేయవద్దని గట్టిగా చెబుతున్నాను. మామూలు డ్రాయింగ్ పుస్తకం కాగితం మొదటి తడికే ఉబ్బి అలలు తిరుగుతుంది, ఆ పల్లాల్లో కాఫీ చేరి గీతలు పడతాయి. 300 జీఎస్ఎం మందం గల, కోల్డ్ ప్రెస్డ్ అని రాసి ఉన్న వాటర్ కలర్ కాగితం తీసుకోవాలి. దూదితో చేసిన కాగితమైతే తడిని ఎక్కువసేపు నిలుపుకుంటుంది కనుక మంచు వేయడానికి మరింత అనుకూలం, అయితే ధర ఎక్కువ. సాధన మామూలు 300 జీఎస్ఎం కాగితం మీద చేసి, చివరి చిత్రానికి మాత్రం దూది కాగితం వాడడం మధ్యేమార్గం. కాగితాన్ని అట్ట మీదనో ప్లైవుడ్ పలక మీదనో పెట్టి, నాలుగు వైపులా మాస్కింగ్ టేప్ అంటించాలి.

కుంచెలు నాలుగు చాలు. ఆకాశానికి అంగుళం వెడల్పు గల చదునైన మెత్తని కుంచె, కొండలకూ చెట్లకూ 8వ నంబరు గుండ్రని కుంచె, ఆకులకు 4వ నంబరు, కొమ్మలకు పొడవైన సన్న వెంట్రుకల కుంచె కావాలి. వీటితో పాటు అరిగిపోయిన గట్టి కుంచె ఒకటి, పాత టూత్‌బ్రష్ ఒకటి, టిష్యూ కాగితాలు, రెండు గ్లాసుల మంచినీళ్ళు దగ్గర ఉండాలి. ఒక గ్లాసు కుంచె కడగడానికి, రెండోది కాఫీలో కలపడానికి. ఈ రెండింటినీ కలిపేస్తే లేత ఛాయలన్నీ మసకబారతాయి.

ఇక కాఫీ. ఇన్‌స్టంట్ కాఫీ పొడి తీసుకునేటప్పుడు సీసా వెనక చిన్న అక్షరాలను చదవండి. మన దగ్గర దొరికే పొడుల్లో చాలావాటిలో చికోరీ కలిసి ఉంటుంది, కొన్నింటిలో దాని పాలు సగానికి కాస్త తక్కువగా కూడా ఉంటుంది. చికోరీ వేరులో పిండి, చక్కెర జాతి పదార్థాలు ఎక్కువ కనుక ఆ పొడితో వేసిన పూత తేమను పీల్చుకుని జిగురుగా మారే అవకాశం ఎక్కువ. తాగడానికి చికోరీ రుచిని ఇష్టపడేవారు చాలామంది ఉన్నారు, అందులో తప్పేమీ లేదు గాని, బొమ్మకు మాత్రం పూర్తి కాఫీతో చేసిన పొడినే వాడాలి. పాలు, పంచదార కలిసిన కాఫీని ఏ పరిస్థితిలోనూ వాడకూడదు. చీమలు పడతాయి, తరువాత బూజు పడుతుంది.

ఫిల్టర్ డికాక్షన్‌తోనూ వేయవచ్చు. దాని లేత ఛాయ తేనె రంగులో ఎంతో స్వచ్ఛంగా ఉంటుంది, ఆకాశానికి నేను దాన్నే ఇష్టపడతాను. కాని అది ఎంత మరిగించినా ఇన్‌స్టంట్ పొడి ఇచ్చేంత ముదురు ఛాయ ఇవ్వదు. వాడేముందు పలుచని గుడ్డలో వడకట్టాలి. ఫిల్టర్‌లో మిగిలిన పిప్పిని పారేయకుండా కొంచెం ఎండబెట్టి పెట్టుకోండి, నేలను వేసేటప్పుడు దాని అవసరం వస్తుంది.

కాఫీని తుప్పుపట్టిన మూతల్లో, ఇనుప గిన్నెల్లో కలపకూడదు. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద, ఇనుప ముక్కలూ బెల్లమూ నానబెట్టి చేసిన కసిమితో గీసినప్పుడు నల్లని గీత వస్తుంది. కరక్కాయలోని వగరు పదార్థం ఇనుముతో కలిసి నలుపుగా మారడమే దానికి కారణం. కాఫీలోనూ ఆ జాతికి చెందిన పదార్థాలు ఉన్నాయి కాబట్టి ఇనుము తగిలితే దాని గోధుమ రంగు మురికి నలుపు వైపు తిరుగుతుంది. పింగాణీ గిన్నెలో గాజు గిన్నెలో అయితే ఏ సమస్యా ఉండదు.

నాలుగు గిన్నెలు

నాలుగు చెంచాల ఇన్‌స్టంట్ పొడిలో నాలుగు చెంచాల వేడినీళ్ళు పోసి, గడ్డలు లేకుండా కలపండి. ఇది మొదటి గిన్నె, అన్నింటికంటే చిక్కనిది. దీనిలోంచి రెండు చెంచాలు రెండో గిన్నెలోకి తీసుకుని నాలుగు చెంచాల నీళ్ళు కలపాలి. రెండో గిన్నెలోంచి మూడు చెంచాలు తీసి మూడో గిన్నెలో ఆరు చెంచాల నీళ్ళతో, మూడో గిన్నెలోంచి నాలుగు చెంచాలు తీసి నాలుగో గిన్నెలో ఎనిమిది చెంచాల నీళ్ళతో కలపాలి. అంటే ప్రతిసారీ పై గిన్నెలోది ఒక వంతు, నీళ్ళు రెండు వంతులు. కొంచెం కొంచెంగా పలుచన చేసుకుంటూ పోతే పక్కపక్క ఛాయలకు తేడా తెలియదు, అందుకే ఇంత ఎడం ఉంచాలి. మొదటి గిన్నెలోని కాఫీ కాగితానికి బాగా పట్టాలనుకుంటే, మూలికల కొట్టులో దొరికే తుమ్మబంకను రాత్రంతా నీళ్ళలో నానబెట్టి వడకట్టి, ఆ నీటిని అరచెంచా కలపవచ్చు. అంతకు మించితే మెరుపు పెరుగుతుంది.

కలిపిన తరువాత, అదే రకం కాగితం ముక్క మీద నాలుగు గళ్ళు గీసి, ఒక్కొక్క గిన్నెలోదీ ఒక్కొక్క గడిలో పూసి, పూర్తిగా ఆరనివ్వండి. ఆరిన కాఫీ తడిగా ఉన్నప్పటికంటే లేతగా కనబడుతుంది. ఈ చీటీని పని జరుగుతున్నంతసేపూ పలక పక్కనే ఉంచుకుంటే, తడి పూత ఎక్కువ ముదురుగా ఉందన్న కంగారుతో నీళ్ళు పోసి పాడుచేసుకునే పొరపాటు జరగదు. మిగిలిన కాఫీని మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచితే కొద్దిరోజులు వాడుకోవచ్చు. పైన తెట్టు కట్టినా, వాసన మారినా పారేయాలి.

రంగును ఛాయగా చదవడం

ఈ పనిలో అసలు కష్టం చేతిది కాదు, కంటిది. ఎదురుగా ఉన్న పచ్చదనాన్ని, ఎరుపును, పసుపును మరిచిపోయి, ఏది ఎంత ముదురు, ఏది ఎంత లేత అని మాత్రమే చూడగలగాలి. అరకులో అదే కాలంలో పూసే వలిసె చేలను ఉదాహరణగా తీసుకోండి. కంటికి అంత గట్టిగా తగిలే ఆ పసుపు, ఛాయగా చూస్తే దృశ్యంలో అన్నింటికంటే లేతది. దాని ఉద్ధృతికి లోబడి ముదురుగా వేస్తే చేను దున్నిన నేలలా కనిపిస్తుంది. వలిసె చేనుకు నాలుగో గిన్నెలోది ఒక్క పూత చాలు. చుట్టూ ఉన్న గట్లనూ పొదలనూ ముదురుగా వేస్తే పసుపు లేకుండానే చేను వెలుగుతుంది.

కాఫీ పండ్ల సంగతి ఇందుకు పూర్తిగా భిన్నం. పచ్చని ఆకుల మధ్య ఎర్రని పండ్లు కంటికి ఎంతో స్పష్టంగా వేరుపడి కనిపిస్తాయి. కాని ఆ ఎరుపు, ఆ ఆకుపచ్చ రెండూ ఛాయలో దాదాపు ఒకటే. ఫోన్‌లో తీసిన ఫోటోను నలుపు తెలుపుల్లోకి మార్చి చూస్తే పండ్లన్నీ ఆకుల్లో కలిసిపోయి కనబడవు. అందుకే కాఫీ చిత్రంలో పండును రంగుతో కాక ఆకారంతోనూ మెరుపుతోనూ చెప్పాలి. ప్రతి పండు మీదా ఆవగింజంత తెల్లని చుక్కను వదిలి, మిగతా భాగాన్ని రెండో గిన్నెతో గుండ్రంగా నింపి, పండ్లు ఒకదానికొకటి ఆనుకున్న సందుల్లో మాత్రం మొదటి గిన్నెతో ముదురు చుక్కలు పెడితే, గుత్తి కాగితం మీద నుంచి లేచివచ్చినట్టు ఉంటుంది. వెనక ఉన్న ఆకును ఒక మెట్టు లేతగా ఉంచడం కూడా మరచిపోకూడదు.

మరొక చిక్కు ఏమిటంటే, పలుచన చేసిన కాఫీ పసుపు వైపు తిరిగి వెచ్చగా ఉంటుంది. మామూలు రంగులతో వేసేవారు దూరపు కొండలకు నీలం వాడి వాటిని వెనక్కి నెడతారు. మనకు ఆ సౌకర్యం లేదు. దూరాన్ని ఛాయ పలుచదనంతోనూ, అంచుల మెత్తదనంతోనూ మాత్రమే చూపించగలం. ఈ రెండింటిలో ఏ ఒక్కటి తప్పినా దూరపు కొండ ముందుకు వచ్చేస్తుంది.

దృశ్యం

కాగితాన్ని నిలువుగా పెట్టుకుని, పెన్సిల్‌తో వీలైనంత తక్కువ గీతలు గీయాలి. పైనుంచి మూడో వంతు దగ్గర దూరపు కొండ గీత, దాని కింద ఒకదాన్నొకటి కొంత కప్పుతూ మరో రెండు కొండ గీతలు, ఎడమవైపు నిలువుగా మూడు సిల్వర్ ఓక్ మానులు, కుడివైపు కింది మూలలో కాఫీ మొక్క కొమ్మ ఒకటి ఉంటే చాలు. మానులను సమాన దూరంలో పెట్టకండి. రెండు దగ్గరగా, ఒకటి ఎడంగా ఉంటే తోటలా ఉంటుంది, లేకపోతే కంచెలా ఉంటుంది. పెన్సిల్ గీతను కాఫీ కప్పదు కనుక గట్టిగా ఒత్తకూడదు.

మొదట ఆకాశం. చదునైన కుంచెతో మంచినీళ్ళను కాగితం పై సగమంతా సమానంగా పూయాలి. కాగితాన్ని పక్కనుంచి చూస్తే నీటి మెరుపు ఉండాలి గాని నీరు నిలవకూడదు. అప్పుడు నాలుగో గిన్నెలోని కాఫీని పైఅంచు నుంచి అడ్డంగా పూస్తూ, కిందికి వచ్చేకొద్దీ కుంచెలో నీటిని పెంచుతూ, కొండ గీత దగ్గరికి వచ్చేసరికి మంచినీళ్ళే మిగిలేలా చేయాలి. సూర్యుడు ఉన్నచోట గుండ్రంగా చుట్టిన టిష్యూతో ఒక్కసారి అద్ది తీసేస్తే మంచు వెనక సూర్యుడు వస్తాడు. ఇక దాన్ని ముట్టుకోకండి. ఆరడానికి వేసవిలో పావుగంట, వానాకాలంలో గంట పట్టవచ్చు. హెయిర్ డ్రయర్ వాడితే అడుగు దూరంలో పట్టుకోవాలి, దగ్గరగా పెడితే గాలి తడిని తోసి చారలు వేస్తుంది.

ఆకాశం పూర్తిగా ఆరిన తరువాతే కొండలు. కాగితానికి చేతి వెనకభాగం ఆనిస్తే చల్లగా తగిలిందంటే లోపల తడి ఉన్నట్టే, ఇంకా ఆగాలి. దూరపు కొండను నాలుగో గిన్నెతో, గుండ్రని కుంచెతో పైగీత వెంట ఒకే విసురులో గీసి, ఆ గీత తడిగా ఉండగానే కుంచెను కడిగి, మంచినీటితో కింది అంచును కిందికి లాగాలి. కొండ తల స్పష్టంగా, కాళ్ళు మంచులో కరిగిపోయినట్టుగా ఉండాలి. ఇది ఆరాక రెండో కొండను మూడో గిన్నెతో, అదీ ఆరాక మూడో కొండను మూడో గిన్నెలో రెండో గిన్నెలోది కాస్త కలిపి, ఇదే పద్ధతిలో వేయాలి. ప్రతి కొండ కిందా కరిగిన ఆ లేత భాగమే తరువాతి కొండ తలను ఎత్తి చూపిస్తుంది. దృశ్యంలోని లోతు అంతా ఈ ఒక్క ఏర్పాటులోనే ఉంది, కాబట్టి ఇక్కడ పట్టే సమయాన్ని లెక్కపెట్టవద్దు. మొదటి రోజు పని ఇక్కడితో ఆపడం మంచిది.

రెండో రోజు చెట్లు. సిల్వర్ ఓక్ నిటారుగా పెరిగే చెట్టు. అరకు తోటల్లో కాఫీకి నీడ కోసం దాన్ని పెంచుతారు, దాని మానుకు మిరియపు తీగను ఎక్కిస్తారు. అందుచేత కింది సగం మాను తీగ ఆకులతో కప్పుకుని లావుగా, ఎగుడుదిగుడు అంచులతో కనిపిస్తే, పై సగం సన్నగా నున్నగా పైకి పోతుంది. ఈ తేడా చూపిస్తేనే అది అరకు చెట్టు అవుతుంది, లేకపోతే ఏ ఊరి చెట్టయినా కావచ్చు. వెనక ఉన్న మానును మూడో గిన్నెతో, ముందున్న రెంటినీ రెండో గిన్నెతో కిందినుంచి పైకి లాగండి. సూర్యుడు ఉన్న వైపు అంచున వెంట్రుకవాసి తెలుపు వదలండి. తీగ ఆకుల కోసం 4వ నంబరు కుంచె మొనను కాగితానికి ఆనించి, ఒత్తి, తిప్పి ఎత్తితే ఒక్క అద్దుతో ఆకు ఆకారం పడుతుంది. అలాంటివి కొన్ని మూడో గిన్నెతో వేసి, ఆరిన తరువాత వాటి సందుల్లో రెండో గిన్నెతో మరికొన్ని వేయాలి. అన్ని ఆకులనూ విడివిడిగా చూపించాలన్న పట్టుదల వద్దు, అంచున పదీ పన్నెండు స్పష్టంగా ఉంటే లోపలివాటిని కన్నే ఊహించుకుంటుంది.

చెట్టు తల దగ్గర అరిగిపోయిన గట్టి కుంచె పనికొస్తుంది. సిల్వర్ ఓక్ ఆకు ఈతాకులా చీలికలు చీలికలుగా ఉంటుంది, అడుగుభాగం వెండిలా తెల్లగా ఉంటుంది, గాలి వీచినప్పుడు చెట్టు లేతబారినట్టు కనబడడానికి అదే కారణం. కుంచెను రెండో గిన్నెలో ముంచి, టిష్యూ మీద ఒత్తి తడినంతా తీసేసి, వెంట్రుకలు విచ్చుకునేలా నొక్కి, కాగితాన్ని తాకీ తాకనట్టు పైకి విసరాలి. కాగితం గరుకులో పల్లాలు తెల్లగా మిగిలి, మిట్టలు మాత్రం రంగు పట్టుకుంటాయి. ఆ తెల్లని చుక్కలే ఆకుల వెండి అడుగులు.

చెట్లు ఆరాక మంచును తీయాలి. చదునైన కుంచెను మంచినీటిలో ముంచి పిండి, మానుల మొదళ్ళ మీదుగా అడ్డంగా ఒకసారి నడిపి, పదిదాకా లెక్కపెట్టి, టిష్యూతో అద్దండి. మాను మధ్యలో మాయమై మళ్ళీ కింద కనబడుతుంది. సూర్యకిరణాలు కావాలంటే రెండు కాగితం ముక్కల అంచుల మధ్య సన్నని సందు ఉంచి, ఆ సందులో తడి స్పాంజితో ఒక్కసారి తుడిస్తే వాలుగా వెలుగుచార వస్తుంది. రెండు చారలు చాలు, ఎక్కువైతే వేదిక మీద దీపాల వెలుగులా కృత్రిమంగా ఉంటుంది.

చివరికి ముందుభాగం. నేలకు మూడో గిన్నెతో తడి పూత వేసి, ఎండబెట్టి ఉంచిన కాఫీ పిప్పిని చిటికెడు చల్లండి. గంట తరువాత రాల్చేస్తే దాని చుట్టూ చిన్న చిన్న మచ్చలు ఏర్పడి రాలిన ఆకులూ మట్టిగడ్డలూ ఉన్న నేలలా తోస్తుంది. కాఫీ మొక్కకు ఆకులు ఎదురెదురుగా జంటలుగా వస్తాయి, అంచు అలలుగా ఉంటుంది, ఈనెలు లోపలికి అణిగి మధ్యభాగాలు ఉబ్బి మెరుస్తుంటాయి. ఒక్క ఆకును శ్రద్ధగా వేయడం ఎలాగంటే, ముందుగా నాలుగో గిన్నెతో ఆకు మొత్తాన్ని నిండుగా నింపి అంచు ముదురు గీత ఏర్పడేలా ఆరనివ్వాలి. తరువాత ఈనెకూ ఈనెకూ మధ్య ఉన్న ప్రతి గడిలో, కింది వైపున మాత్రమే రెండో గిన్నెతో చిన్న గీత పెట్టి, కడిగిన కుంచెతో దాని పైఅంచును పైకి కరిగించాలి. ఈనెను గీయనవసరం లేదు, రెండు గడుల మధ్య మిగిలిన లేత గీతే ఈనె అవుతుంది. ఇలాంటి ఆకులు మూడో నాలుగో ఉంటే మిగతావి నీడ ఆకారాలుగా వదిలేయవచ్చు. ఆకుల జంటలు కొమ్మకు అతికే కణుపుల దగ్గరే పండ్ల గుత్తులు పెట్టాలి, కాఫీ పండు కాసేది అక్కడే. కొమ్మ అడుగున, పండ్ల సందుల్లో, ముందున్న మాను మొదట్లో మాత్రమే మొదటి గిన్నె వాడి కుంచె కింద పెట్టేయండి.

ఆరిన తరువాత

కొన్నేళ్ళ క్రితం నేను వేసిన ఇలాంటి చిత్రాన్నే విశాఖపట్నంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక బంధువుల ఇంటికి ఇచ్చాను. తొందరలో గాజుకు నేరుగా ఆనేలా ఫ్రేము కట్టించాను. ఒక వానాకాలం గడిచేసరికి ముదురు భాగాలు తేమకు జిగురెక్కి గాజుకు అంటుకున్నాయి, విప్పబోతే ముందున్న మాను సగం గాజు మీదే ఉండిపోయింది. దాన్ని తిరిగి అతికించే మార్గం లేకపోయింది. ఆ చిత్రం పోయినందుకు ఇప్పటికీ బాధగా ఉంటుంది. అప్పటినుంచి కాగితానికీ గాజుకూ మధ్య మందపాటి అట్టతో మౌంట్ చట్రం లేకుండా ఏ కాఫీ చిత్రాన్నీ ఫ్రేము కట్టించలేదు.

చిత్రాన్ని ఫ్యాను గాలికి రెండు మూడు రోజులు పూర్తిగా ఆరనిచ్చిన తరువాత, టేపును కాగితానికి దూరంగా, వాలుగా లాగుతూ తీయాలి. ఆపైన మెరుపులేని అక్రిలిక్ స్ప్రే వార్నిష్‌ను ఆరుబయట, అడుగు దూరం నుంచి పలుచగా ఒకసారి, అది ఆరాక ఇంకోసారి చల్లాలి. కుంచెతో పూసే నీటి ఆధారిత వార్నిష్ వాడితే అప్పటిదాకా చేసిన పనంతా కరిగి చారలవుతుంది. స్ప్రే కూడా ముందుగా ఛాయల చీటీ మీద చల్లి చూసుకోవడం మంచిది, కొన్ని రకాలు లేత ఛాయలను కాస్త ముదురు చేస్తాయి. నేరుగా ఎండ పడే గోడకు, స్నానాలగది గోడకు తగిలించవద్దు. ఎండకు కాఫీ వెలుస్తుంది, తేమకు బూజు పడుతుంది. ఎవరికైనా అమ్మినా, బహుమతిగా ఇచ్చినా ఈ విషయం వారికి ముందే చెప్పాలి. కాఫీ నిలిచి ఉండే కాలం నీటిరంగుల స్థాయిలో ఉండదు కాబట్టి, ఫ్రేము కట్టించకముందే చిత్రాన్ని కనీసం 300 డీపీఐ వద్ద స్కాన్ చేసి దాచుకోవాలి.

చిత్రం వెనక మెత్తని పెన్సిల్‌తో తేదీ, వాడిన కాఫీ పొడి పేరు, గిన్నెల్లో కలిపిన పాళ్ళు రాసిపెట్టండి. ఒక్కో పొడి ఒక్కో గోధుమ రంగు ఇస్తుంది, కొన్ని ఎరుపు వైపు, కొన్ని బూడిద వైపు మొగ్గుతాయి. ఇదే దృశ్యానికి జంటగా మార్చి, ఏప్రిల్ నెలల్లో తోటంతా తెల్లని పూలతో నిండినప్పటి చిత్రం వేయాలనుకున్నప్పుడు, రెండూ ఒకే గోడ మీద కలవాలంటే ఆ రాతే ఆధారం.